ఆగని బండ్లకు దారి చెప్పే చదువు

ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ కావడానికి కావాల్సిన డిగ్రీ నంద్యాలలోనే దొరుకుతుంది. ఆ డిగ్రీలోని ఫిజిక్స్ ఆకాశంలో ఎక్కడ పనికొస్తుంది? డిగ్రీ తర్వాత ఏం నేర్పుతారు?

చలికాలం పొద్దున ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, కొన్ని రోజుల్లో ఆకాశంలో తెల్లటి చారలు కనిపిస్తాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకటి, దాన్ని అడ్డంగా కోస్తూ ఇంకొకటి. పది కిలోమీటర్ల ఎత్తున, గడ్డకట్టించే చలిలో, ఇంజన్ వదిలిన ఆవిరి మంచు నలుసులుగా మారి మిగిల్చే గీతలవి. పక్కన పిల్లలుంటే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ రెండూ గుద్దుకోవా?

"ఆకాశం అంత పెద్దదిరా, ఎందుకు గుద్దుకుంటాయి" అని పెద్దవాళ్లు అనేస్తారు. ఆ జవాబు సరిపోదు. ఆకాశం పెద్దదే కానీ విమానాలు దాని నిండా పరుచుకుని తిరగవు. అన్నీ కొన్ని ఊళ్లకే పోవాలి, కొన్ని దారుల్లోనే పోవాలి, చివరికి ఒకే రన్‌వే మీద ఒకదాని వెనక ఒకటి దిగాలి. దారులు కలిసే చోట రద్దీ తప్పదు.

పైలట్ చూసుకుని తప్పుకోలేడా అంటే, చిన్న లెక్క వేసి చూద్దాం. పెద్ద జెట్ విమానం గంటకు దాదాపు 850 కిలోమీటర్లు పోతుంది. అంటే నిమిషానికి 14. రెండు విమానాలు ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరం నిమిషానికి 28 కిలోమీటర్ల చొప్పున తరిగిపోతుంది. ఎదుటి విమానం పది కిలోమీటర్ల దూరంలో చుక్కలా కంటబడిందనుకుంటే, మిగిలింది దాదాపు ఇరవై సెకన్లు. చుక్కను విమానమని పోల్చుకుని, అది ఎటు పోతోందో తేల్చుకుని, అంత బరువైన యంత్రాన్ని పక్కకు తిప్పాలంటే ఆ ఇరవై సెకన్లు చాలవు. మబ్బులో అయితే ఆ చుక్క కూడా కనిపించదు.

అందుకే రెండు విమానాలనూ, వాటి దారులనూ కలిపి చూసే మనిషి ఒకరు నేల మీద ఉండాలి. నంద్యాల స్టేషన్ మాస్టర్ చేసే పని కూడా పైకి ఇలాంటిదే. ముందు సెక్షన్‌లో బండి ఉంటే వెనక బండికి సిగ్నల్ ఇవ్వడు. ఎర్రలైటు చూసి ఆ బండి ఆగుతుంది, ఆగినంతసేపూ ఏ ప్రమాదమూ లేదు. విమానానికి ఎర్రలైటు లేదు. గాలిలో ఆగిందంటే పడిపోతుంది. ఒక చోట చుట్లు కొట్టించవచ్చు కానీ చుట్టు చుట్టుకీ ఇంధనం కరిగిపోతుంది. కాబట్టి కంట్రోలర్ ఆపి ఆలోచించలేడు, కదులుతుండగానే సర్దాలి. ఈ వృత్తిలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. చదువూ శిక్షణా దీని చుట్టూ అల్లినవే.

సరి సంఖ్య, బేసి సంఖ్య

మొదటి ఏర్పాటు ఎత్తుల్లో ఉంటుంది. తూర్పు వైపు మొగ్గిన దిశలో పోయే విమానాలకు బేసి వేలు ఇస్తారు: 31 వేల అడుగులు, 33 వేలు, 35 వేలు. పడమర వైపు మొగ్గితే సరి వేలు: 32, 34, 36. హైదరాబాద్ నుంచి చెన్నైకి పోయే విమానం దక్షిణానికి పోతూ తూర్పుకు వాలుతుంది కాబట్టి దానికి బేసి ఎత్తు. చెన్నై నుంచి హైదరాబాద్ వచ్చేదానికి సరి. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు పోయేది కూడా దక్షిణానికే పోతుంది కానీ కాస్త పడమరకు వాలుతుంది. దానికి సరి ఎత్తు పడుతుంది. మ్యాపు ముందుపెట్టుకుని స్కేలుతో గీతలు గీస్తే ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఏ విమానానికి ఏ ఎత్తో చెప్పేయగలరు.

ఎదురెదురు దారులకు ఈ పద్ధతి చాలు. కానీ రెండూ బేసి ఎత్తే కోరుకుని ఒకే చోట దారులు దాటుకుంటేనో? ఎక్కే విమానం, దిగే విమానం మధ్యలో ఎన్నో ఎత్తులు దాటుకుంటూ పోతాయి కదా? అక్కడ కంట్రోలర్ లెక్క మొదలవుతుంది. ఎత్తులో కనీసం వెయ్యి అడుగుల ఎడం ఉండాలి. అది లేకపోతే పక్కకు ఎడం ఉండాలి: రాడార్ చూస్తున్న చోట సాధారణంగా తొమ్మిది కిలోమీటర్లు, విమానాశ్రయం దగ్గర పడ్డాక ఐదున్నర. ఈ రెండింట్లో ఏదో ఒకటి ప్రతి క్షణం ఉండి తీరాలి. పైన చేసిన లెక్కను బట్టి చూస్తే, తొమ్మిది కిలోమీటర్లంటే ఎదురెదురుగా వచ్చే జెట్‌లకు ఇరవై సెకన్ల దూరం. ఈ ఎడం పోయాక చూసుకుందాం అంటే అప్పటికే ఆలస్యం. పది నిమిషాల తర్వాత ఎవరు ఎక్కడ ఉంటారో ఇప్పుడే లెక్క కట్టి, ఇప్పుడే మార్చాలి.

బాక్స్: అందరూ ఒకే తప్పు చేస్తే అది తప్పు కాదు

విమానంలో ఎత్తు చూపే పరికరం నిజానికి ఎత్తును కొలవదు, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి ఒత్తిడి తగ్గుతుంది. నేలకు దగ్గరగా అయితే దాదాపు ప్రతి ముప్పై అడుగులకూ ఒక మిల్లీబార్ చొప్పున తగ్గుతుంది. ఈ లెక్కను బట్టి పరికరం ఎత్తు చూపిస్తుంది.

చిక్కేమిటంటే నేల మీద ఒత్తిడి రోజుకో రకంగా ఉంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడ్డ రోజున పది మిల్లీబార్లు తగ్గిందనుకోండి. పైలట్ పాత విలువతోనే పోతుంటే పరికరం చూపే ఎత్తు కంటే అసలు ఎత్తు మూడు వందల అడుగులు తక్కువ. కొండల పక్కన దిగేటప్పుడు ఆ మూడు వందల అడుగులు ప్రాణాంతకం. అందుకే దిగబోయే ప్రతి విమానానికీ ఆ ఊరి ఆ పూట ఒత్తిడిని చెప్తారు.

మరి ఎన్నో ఊళ్ల మీదుగా పోయే విమానం ఏ ఊరి ఒత్తిడి పెట్టుకోవాలి? ఏ ఊరిదీ కాదు. పైకి పోయాక ప్రపంచంలోని పైలట్లందరూ 1013 అనే ఒకే విలువ పెట్టుకుంటారు. ఆ రోజు అసలు ఒత్తిడి వేరే అయితే అందరి పరికరాలూ తప్పే చూపిస్తాయి. కానీ ఒకే చోట ఉన్న రెండు విమానాలూ ఒకే మేరకు తప్పుతాయి కాబట్టి, వాటి మధ్య వెయ్యి అడుగుల ఎడం చెక్కుచెదరదు. పైన కావాల్సింది ఎత్తు కాదు, ఎడం. డిగ్రీలో ఫిజిక్స్ చదివినవాళ్లు కావాలని ఎందుకు అడుగుతారో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి.

తెర మీద చుక్క, నల్లమల వెనక నిశ్శబ్దం

నంద్యాల మీదుగా ఎత్తున పోయే విమానాలు చెన్నై గగనతల పరిధిలోకి వస్తాయి. అక్కడ చీకటి గదిలో తెర ముందు కూర్చున్న కంట్రోలర్‌కు ఈ విమానం ఎలా కనిపిస్తుంది?

పాతకాలపు రాడార్ రేడియో తరంగాన్ని వదిలి, విమానానికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకునేది. దాంతో ఎటు ఉంది, ఎంత దూరంలో ఉంది అన్నవి తెలుస్తాయి. ఎవరిది, ఎంత ఎత్తున ఉంది అన్నవి తెలియవు. ఇప్పటి రాడార్ విమానాన్ని ప్రశ్న అడుగుతుంది. విమానంలోని ట్రాన్స్‌పాండర్ అనే పెట్టె తన నాలుగంకెల కోడ్‌నూ, ఎత్తునూ చెప్తుంది. ఆ అంకెలు సున్నా నుంచి ఏడు దాకానే ఉంటాయి, కాబట్టి మొత్తం కోడ్‌లు 4,096. వాటిలో కొన్నింటిని ఎవరికీ ఇవ్వరు. 7700 అంటే ఆపదలో ఉన్నాను, 7600 అంటే రేడియో పోయింది, 7500 అంటే హైజాక్. మాట పెగలని స్థితిలో కూడా పైలట్ ఈ అంకె తిప్పితే చాలు, తెర మీద హెచ్చరిక వెలుగుతుంది.

రాడార్‌కూ, మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియోకూ ఒక పరిమితి ఉంది. ఆ తరంగాలు దాదాపు తిన్నగానే పోతాయి, భూమి వంపును అనుసరించి వంగవు. పది కిలోమీటర్ల ఎత్తున ఉన్న విమానం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరం దాకా వినిపిస్తుంది. చెన్నై నుంచి నంద్యాలకు తిన్నగా మూడు వందల ముప్పై కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి అది అందుబాటులోనే ఉన్నట్టు. అదే ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున పోయేదైతే నూట అరవై కిలోమీటర్లు దాటాక భూమి వంపు చాటుకు వెళ్లిపోతుంది. మధ్యలో కొండలుంటే ఇంకా ముందే.

ఈ పరిమితి ఎంత కఠినమో మన ప్రాంతానికి బాగా తెలుసు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరి, నల్లమల మీద ఏటీసీతో, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌తో, సంబంధం కోల్పోయింది. పావురాలగుట్ట మీద శకలాలు కనిపించింది మర్నాడు పొద్దునే. కిందికి తోసే బలమైన గాలిలో చిక్కుకుని హెలికాప్టర్ అదుపు తప్పిందని విచారణ సంఘం తేల్చింది. అంటే ప్రమాదానికి మూలం రేడియో కాదు. కానీ తక్కువ ఎత్తున, కొండల నడుమ, వర్షంలో పోయే విమానం గురించి నేల మీద ఉన్నవాళ్లకు ఎంత తక్కువ తెలుస్తుందో ఆ ఒక్క పగలూ రాత్రీ రాష్ట్రమంతా చూసింది. కంట్రోలర్ శిక్షణలో రాడార్ లేకుండా పని చేయడం అనే భాగానికి అంత బరువు ఇవ్వడం ఇందుకే. తెర ఖాళీగా ఉన్నా, పైలట్ చెప్పిన చోటునూ వేళనూ రాసుకుని, మనసులోనే విమానాన్ని నడిపించుకుంటూ పోవాలి.

పద్నాలుగు వేలు, పదిహేను వేలు

కంట్రోలర్ ఎత్తు ఇచ్చాడు, రాడార్ చూశాడు. మిగిలింది మాట. ఈ వృత్తిలో ఎక్కువ ప్రమాదాలు పొంచి ఉండేది మాటలోనే అని నా అభిప్రాయం. 1996 నవంబరు 12 సాయంత్రం హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఏం జరిగిందో వరసగా చూస్తే అర్థమవుతుంది.

ఢిల్లీ నుంచి సౌదియా సంస్థ జంబో జెట్ బయల్దేరింది. దానికి 14 వేల అడుగుల దాకా ఎక్కమని అనుమతి. కజకిస్థాన్ విమానం ఒకటి ఢిల్లీలో దిగడానికి ఎదురుగా వస్తోంది. దానికి 15 వేల అడుగులకు దిగి అక్కడే ఉండమని ఆదేశం. అప్పట్లో ఢిల్లీకి వచ్చేవాటికీ పోయేవాటికీ ఒకే దారి. మధ్యలో వెయ్యి అడుగుల ఎడం ఉంది. కాగితం మీద తప్పేమీ లేదు. ఎదురుగా వస్తున్న విమానం ఎంత దూరంలో ఉందో కూడా కంట్రోలర్ కజక్ విమానానికి చెప్పాడు.

ఆ విమానంలో రేడియోలో మాట్లాడేది పైలట్ కాదు, వేరే రేడియో ఆపరేటర్. ఆదేశం విన్నది ఒకరు, విమానం నడిపేది మరొకరు. ఆ ఇద్దరి మధ్య 15 వేలు అన్న అంకె జారిపోయింది. విమానం 15 వేలు దాటి దిగుతూనే ఉంది. ఢిల్లీలో అప్పుడున్న రాడార్ విమానాల చోటే తప్ప ఎత్తు చూపేది కాదు కాబట్టి కంట్రోలర్ కంటికి అది కనబడలేదు. రెండూ ఢీకొని 349 మంది చనిపోయారు. గాలిలో విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో ఇంతమంది పోయింది ఇంకెక్కడా లేదు.

తర్వాత ఢిల్లీలో రాకకూ పోకకూ దారులు వేరు చేశారు, ఎత్తు చూపే రాడార్ వచ్చింది, ఎదురుగా మరో విమానం వస్తే పైలట్‌ను తనంతట తానే హెచ్చరించే పరికరాన్ని మన గగనతలంలో తప్పనిసరి చేశారు. ఇన్ని యంత్రాలు వచ్చినా, ఒక పాత అలవాటును మాత్రం ఎవరూ వదల్లేదు, ఇంకా గట్టిపరిచారు. కంట్రోలర్ చెప్పిన ఎత్తును పైలట్ తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పింది సరిగ్గా ఉందో లేదో కంట్రోలర్ చెవి పెట్టి వినాలి. రెండోదే కష్టం. మనం చెప్పిన అంకె మనకే వినిపించినట్టు అనిపించడం మనిషి స్వభావం. తప్పు అప్పజెప్పినా "సరే" అనేస్తాం. శిక్షణలో కావాలనే తప్పులు కలిపి అప్పజెప్పి, పట్టుకున్నాడా లేదా అని చూస్తారు.

మాటల ఎంపిక కూడా ఇలాంటి విషాదాల నుంచే గట్టిపడింది. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫేలో రెండు జంబో జెట్‌లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు. ఇంకా అనుమతి రాకుండానే ఒక పైలట్ టేకాఫ్ మొదలుపెట్టాడు. అదే క్షణంలో ఇద్దరు ఒకే రేడియోలో మాట్లాడటంతో కీలకమైన మాట కీచుమనే చప్పుడులో కలిసిపోయింది. అప్పటి నుంచి "టేకాఫ్" అనే మాటను అసలు అనుమతి ఇచ్చేటప్పుడో, రద్దు చేసేటప్పుడో తప్ప పలకరు. మిగతా అన్ని వేళలా "డిపార్చర్" అంటారు.

డిగ్రీ తలుపు దాకా తీసుకెళ్తుంది

మన దేశంలో పౌర విమానాశ్రయాల కంట్రోలర్లను దాదాపుగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాయే తీసుకుంటుంది. విశాఖపట్నం లాంటి చోట్ల నౌకాదళం వాళ్లు ఈ పని చేస్తారు. అథారిటీ ఇచ్చే పోస్టు పేరు జూనియర్ ఎగ్జిక్యూటివ్, ఏటీసీ. 2023లో 496 పోస్టులకు, 2025లో 309 పోస్టులకు నోటిఫికేషన్లు వచ్చాయి. మూల వేతనం 40 వేల రూపాయలతో మొదలవుతుంది.

దీనికి అడిగే చదువు ఫిజిక్స్, మ్యాథమేటిక్స్‌తో మూడేళ్ల బీఎస్సీ. లేదా ఏ బ్రాంచిలోనైనా బీటెక్, ఏదో ఒక సెమిస్టర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివి ఉండాలి. ఏరోనాటికల్ డిగ్రీ అక్కర్లేదు, పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. నంద్యాలలోని పీఎస్సీ అండ్ కేవీఎస్సీ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్, మ్యాథ్స్ చదివిన పిల్లకూ, రాజీవ్ గాంధీ మెమోరియల్ కాలేజీలోనో శాంతిరామ్‌లోనో బీటెక్ చేసిన పిల్లవాడికీ, ఢిల్లీలో చదివినవాళ్లకూ అర్హతలో ఇసుమంత తేడా లేదు.

నంద్యాలలో విమానయానం అంటే ఎవరికో సంబంధించిన సంగతి అన్నట్టు ఉంటారు. నిజానికి కర్నూలు రోడ్డులో యాభై కిలోమీటర్లు పోతే ఓర్వకల్లులో విమానాశ్రయం ఉంది, 2021 మార్చి నుంచి విమానాలు నడిచాయి. దానికి పెట్టింది ఆళ్లగడ్డ నియోజకవర్గంలోని ఉయ్యాలవాడ వీరుడు నరసింహారెడ్డి పేరు. పేరు మన ఊరిదే, టవర్‌లో కూర్చునేవాళ్లు కూడా మన ఊరివాళ్లు ఎందుకు కాకూడదు?

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. "ఏటీసీ డిప్లొమా" అనీ, "ఏవియేషన్ కోర్సు చేస్తే కంట్రోలర్ ఉద్యోగం గ్యారంటీ" అనీ లక్షలు అడిగే ప్రకటనలు కనిపిస్తాయి. ప్రైవేటు డిప్లొమాతో ఎవరూ కంట్రోలర్ సీటులో కూర్చోరు. ఎంపిక పరీక్ష ద్వారానే జరుగుతుంది. అసలు పని ఎంపికయ్యాక సంస్థే తన ఖర్చుతో నేర్పుతుంది. ఆ లక్షలు దాచుకోండి.

బీఎస్సీలో చదివింది ఎక్కడ పనికొస్తుందో పైన కొంత చూశాం. ఇంకో ఉదాహరణ. పెద్ద విమానం రెక్కల కొసల నుంచి గాలి సుడులు తిరుగుతూ వెనకాల నిమిషాల పాటు మిగిలిపోతుంది. కంటికి కనబడదు. దాని వెనకే చిన్న విమానాన్ని దింపితే బోర్లా పడేయగలదు. ఏ బరువు విమానం వెనక ఏ బరువు విమానానికి ఎంత ఎడం ఇవ్వాలో పట్టిక ఉంటుంది. పట్టిక బట్టీ పట్టవచ్చు. కానీ పక్క నుంచి చిరుగాలి వీచే పూట ఆ సుడి ఎక్కువసేపు రన్‌వే మీదే ఉండిపోవచ్చని ఊహించాలంటే ఫిజిక్స్ తెలిసిన బుర్ర ఉండాలి.

ప్రయాగ్‌రాజ్ నుంచి సీటు దాకా

ఎంపికైనవాళ్లను పంపే శిక్షణ సంస్థల్లో పెద్దది ప్రయాగ్‌రాజ్ దగ్గర బమ్రౌలీలో ఉన్న సివిల్ ఏవియేషన్ ట్రైనింగ్ కాలేజీ. 1948లో మొదలైంది. హైదరాబాద్ బేగంపేటలోనూ, మహారాష్ట్ర గోందియాలోనూ కేంద్రాలున్నాయి. వాతావరణం, దిశా నిర్ణయం, విమానాల రకాలు, వాటి వేగాలు, చట్టాలు, రేడియో మాట: ఇవన్నీ తరగతి గదిలో. తర్వాత సిమ్యులేటర్.

సిమ్యులేటర్‌లో జరిగేది దగ్గర నుంచి చూద్దాం. శిక్షణార్థి ముందు తెర, తెర మీద చుక్కలు. చెవిలో హెడ్‌సెట్. ఇంకోచోట కూర్చున్నవాళ్లు పైలట్లుగా నటిస్తూ ఆ చుక్కలను నడుపుతారు. మొదటి రోజుల్లో రెండో మూడో విమానాలు, తర్వాత అవి పెరుగుతాయి. ఒకటి దిగాలంటుంది, ఒకటి మబ్బు తప్పించుకోవడానికి పక్కకు పోతానంటుంది, ఇంకొకటి జవాబే ఇవ్వదు. ఇన్‌స్ట్రక్టర్ చూసేది ఎన్ని దించాడని కాదు, మొత్తం బొమ్మ అతని బుర్రలో ఉందా లేదా అని. కంట్రోలర్లు దీన్నే "పిక్చర్" అంటారు. పిక్చర్ పోయిందని గ్రహించినవాడు వెంటనే ఆ మాట పైకి చెప్పి సాయం అడగాలి. బింకానికి పోయి దాచుకునేవాళ్లు ఈ పనికి పనికిరారు. మన కాలేజీల్లో తెలియదని ఒప్పుకుంటే మార్కులు పోతాయి, ఇక్కడ ఒప్పుకోకపోతే ప్రాణాలు పోతాయి. డిగ్రీ నుంచి వచ్చినవాళ్లు మార్చుకోవాల్సిన అలవాట్లలో ఇదే పెద్దదని నేననుకుంటాను.

అక్కడితో పూర్తి కాదు. పోస్టింగ్ వచ్చిన చోట, అసలు విమానాలతో, పక్కన అనుభవజ్ఞుడు కూర్చుని వింటుండగా పని చేయాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన ప్రకారం టవర్ పనికి కనీసం 90 గంటలు లేదా ఒక నెల, ఏది ఎక్కువైతే అది. రాడార్ మీద చేసే పనులకు 180 గంటలు లేదా మూడు నెలలు. అప్పుడు పరీక్ష పెట్టి ఆ చోటికి, ఆ పనికి మాత్రమే చెల్లే రేటింగ్ అనే అనుమతి ఇస్తారు. హైదరాబాద్‌లో సంపాదించిన రేటింగ్‌తో చెన్నైలో కూర్చోవడం కుదరదు. ఆ చోటి కొండలు, దారులు, గాలులు మళ్లీ నేర్చుకోవాలి. ఆరు నెలలు పని చేయకపోతే రేటింగ్ చెల్లకుండా పోతుంది. ఏకబిగిన గంటల తరబడి తెర ముందు కూర్చోనివ్వరు, నడుమ విరామం తప్పనిసరి.

ఈ శిక్షణను తొందరపెట్టడం ఎవరి వల్లా కాలేదు. 1981 ఆగస్టులో సమ్మె చేసిన పదకొండు వేల మందికి పైగా కంట్రోలర్లను అమెరికా అధ్యక్షుడు రీగన్ ఉద్యోగాల నుంచి తీసేశాడు. వాళ్ల చోట్లు పూర్తిగా నిండటానికి ఏళ్లు పట్టింది. ఇప్పటికీ అక్కడ కొరత తీరక, ఓక్లహోమా నగరంలోని తమ అకాడమీలో చెప్పే పాఠాలనే కొన్ని విశ్వవిద్యాలయాల్లో చెప్పించే పద్ధతిని 2024లో తెచ్చారు. ఓక్లహోమా విశ్వవిద్యాలయం, టల్సా కమ్యూనిటీ కాలేజీ మొదట చేరాయి. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ ఈ ఉద్యోగానికి డిగ్రీ తప్పనిసరి కాదు. మనవాళ్లు డిగ్రీ అడగడం దండగని కొందరంటారు. నాకలా అనిపించదు. సొంత లెక్క కట్టగలిగిన మనిషికి శిక్షణ ఇవ్వడం తేలిక, పైగా ఆ షరతు వల్లే పల్లె నుంచి వచ్చిన బీఎస్సీ విద్యార్థి కూడా నగరం వాళ్లతో సమానంగా ఒకే గీత మీద నిలబడుతున్నాడు.

ఇంగ్లీషు, మన యాస

మన పిల్లలు వెనక్కి తగ్గేది ఇంగ్లీషు దగ్గరే. రాతపరీక్ష తర్వాత వాయిస్ టెస్ట్ ఉంటుందని తెలిసి దరఖాస్తే పెట్టనివాళ్లుంటారు. ఆ భయానికి ఆధారం లేదు. అంతర్జాతీయ ప్రమాణంలో ఆరు స్థాయిలు ఉంటే, కంట్రోలర్‌కు కావాల్సింది నాలుగు. ఆ స్థాయి నిర్వచనంలోనే మాతృభాష యాస ఉండవచ్చని రాసి ఉంది, అర్థం కాకుండా పోకూడదు అంతే. రాయలసీమ యాస అడ్డు కాదు. గబగబా మాట్లాడటం, అంకెలు మింగేయడం అడ్డు.

దానికి మందు ఖర్చు లేనిదే. ముగ్గురు స్నేహితులు కూర్చోండి. ఒకరు చెప్పాలి: "విక్టర్ టాంగో ఆల్ఫా బ్రావో చార్లీ, డిసెండ్ టు ఫ్లైట్ లెవెల్ వన్ ఫైవ్ జీరో." రెండోవాళ్లు అప్పజెప్పాలి, అప్పుడప్పుడూ ఒక అంకె మార్చి. మొదటివాళ్లు పట్టుకోవాలి. మూడోవాళ్లు మధ్యలో వేరే ప్రశ్న వేసి దృష్టి మళ్లించాలి. రోజూ పావుగంట చేస్తే గొంతూ చెవీ రెండూ కుదురుకుంటాయి.

బాక్స్: డిగ్రీలో చేరే ముందు

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కాలేజీల్లో 2023-24 నుంచి పాత మూడు సబ్జెక్టుల పద్ధతి పోయి ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. మునుపు ఎంపీసీ గ్రూపు తీసుకుంటే ఫిజిక్స్, మ్యాథ్స్ రెండూ వాటంతటవే ఉండేవి. ఈ పద్ధతిలో ఫిజిక్స్ మేజర్ తీసుకుని మైనర్‌గా వేరే సబ్జెక్టు ఎంచుకుంటే మ్యాథ్స్ లేకుండానే డిగ్రీ చేతికి రావచ్చు. ఏటీసీ నోటిఫికేషన్ రెండూ అడుగుతుంది.

ఇటీవలి నోటిఫికేషన్లలో గరిష్ఠ వయసు 27, రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. పదిలోనో ఇంటర్లోనో ఇంగ్లీషు పాసై ఉండాలి. కంప్యూటర్ పరీక్షలో 120 ప్రశ్నలు, అందులో సగం ఫిజిక్స్, మ్యాథ్స్. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఆపైన వాయిస్ టెస్ట్, మానసిక పరీక్ష, మత్తు పదార్థాల పరీక్ష, వైద్య పరీక్ష. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు, రంగులు గుర్తుపట్టగలగాలి.

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పే అధ్యాపకులకు నాది ఒకటే విన్నపం. ఒత్తిడి పాఠం చెప్పే రోజున 1013 సంగతి చెప్పండి, సాపేక్ష వేగం చెప్పే రోజున ఆ ఇరవై సెకన్ల లెక్క చేయించండి, ఇలాంటి ఉద్యోగం ఒకటుందని ఆ పూటే చెప్పండి. ఈ ఏడు డిగ్రీలో చేరబోయే పిల్లలూ, ఫిజిక్స్ తీసుకుంటుంటే దానితో పాటు మ్యాథమేటిక్స్ కూడా ఉంటుందో లేదో ఫారం ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి.